ముసలి జీపుకు కొత్త ఇంజిను

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. బాగుచేయించిన జీపులో భార్యాభర్తలు స్టేషనుకు వెళ్లాలి. రైలు దిగే ఆమె తమ్ముణ్ణి ఎక్కించుకుని ఇంటికి తేవాలి. అతను స్నానం చేసి, వాళ్ల పెరట్లో పెట్టి వెళ్లిన తన కారు తీసుకుని పదింటికల్లా కొత్త ఉద్యోగంలో చేరాలి. అంతే.

ఇల్లాలికి మాత్రం అది చిన్న పని కాదు. ఆమె భర్తా తమ్ముడూ రెండేళ్లపాటు మాట్లాడుకోలేదు. కారణం ఈ జీపే. ఆయన ప్రాణంగా దాచుకున్న ఆ జీపును చూసి తమ్ముడు ఒకనాడు, "దీన్ని తూకానికి వేస్తే అక్కకు నాలుగు గిన్నెలొస్తాయి బావా" అన్నాడు. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. వాళ్లను మళ్లీ కలపడానికి ఆమె నోరు పడిపోయేలా ఇద్దరికీ నచ్చజెప్పింది. ఉద్యోగ శిక్షణకు ఊరెళుతూ తమ్ముడు తన కొత్త కారును అక్క పెరట్లో వదిలిపెట్టడం ఆ పాట్లకు దక్కిన ఫలం. ఈ పూట సజావుగా గడిపించమని ఆమె ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంది.

జీపు ఒళ్లు పాతదే, ఇంజినే కొత్తది. వెనక గుద్దుకుని సొట్టపోయిన కారొకటి ఆయన చవగ్గా కొని పెరట్లో పడేశారు. "పెరట్లో కారుందిగా, దాని ఇంజిను తీసి జీపుకు బిగించు" అని మెకానిక్‌కు చెప్పి ఆఫీసుకు పోయారు. పగలంతా సుత్తి మోత. "అమ్మా, కారు తాళమివ్వండి" అని మెకానిక్ అడిగితే ఇల్లాలు గోడమేకుకు వేలాడుతున్న తాళం తీసి ఇచ్చింది. అంతకు మించి ఆమెకేమీ తెలియదు.

స్టేషను దగ్గర జీపెక్కిన తమ్ముడు కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"బావా, ఇది అచ్చం నా కారులా మోగుతోందే!"

"నీ కారెక్కడ, ఇదెక్కడ! వస్తువు కొనేటప్పుడు విప్పి చూసి కొనాలోయ్. నీలా రంగు చూసి మురిసిపోతే ఎట్లా?"

వెనక సీటులోంచి ఇల్లాలు ఆయన వీపు మీద గోటితో గీరింది. ఆయన దోమనుకుని చరుచుకున్నారు.

ఇంటికి చేరాక తమ్ముడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులోంచి తన రెండో తాళం తీసి కారులో కూర్చున్నాడు. మరుక్షణం కేక పెట్టాడు.

"అక్కా! తాళం పెట్టే చోట బొక్క ఉందే!"

దిగి, ముందు మూత ఎత్తాడు. "ఇందులో ఏమీ లేదు!"

"సరిగ్గా చూడరా, కిందెక్కడో ఉంటుంది."

"కింద నేలుంది."

ఆయన వచ్చి తొంగిచూశారు. నేలే. "దొంగలు!" అన్నారు. "ఇంజిను మొత్తం విప్పుకుపోయారంటే ఎంత తీరికో!"

"మరి మీ జీపునెందుకు వదిలేశారు?"

"మంచి వస్తువు విలువ దొంగలకేం తెలుసు?"

ఇల్లాలు వేళ్లు మడిచి లెక్కేసింది. "పగలంతా మెకానిక్ ఇక్కడే ఉన్నాడు. రాత్రంతా మనమున్నాం. దొంగ ఎప్పుడొచ్చాడండీ?"

తమ్ముడు ఆయన వంకా జీపు వంకా చూసి, జీపెక్కాడు. తన చేతిలో ఉన్న తాళం పెట్టి తిప్పాడు. యజమాని గొంతు విన్న కుక్కలా జీపు ఒక్క ఉదుటున లేచింది.

ఆయన మెకానిక్‌కు ఫోను చేశారు.

"కొత్త ఇంజిన్లు సొంత తాళం తప్ప వేరేదానికి పలకవు సార్. అందుకే వైర్లూ, తాళం బుర్రా అన్నీ ఆ కారువే బిగించాను. బాగా నడుస్తోందా?"

"నేను తీయమన్నది సొట్ట కారుదయ్యా!"

"కిందికి దూరి చూశాను, దానికి ఇంజినే లేదు సార్. లేనిదాన్ని ఎట్లా తీస్తాను?"

సొట్ట కారు మూత బిగుసుకుపోయి ఉంటే గడ్డపారతో లేపారు. లోపల పిల్లి, దాని పిల్లలూ హాయిగా నిద్రపోతున్నాయి.

"విప్పి చూసి కొన్నట్టున్నారు" అన్నాడు తమ్ముడు.

ఇక కొట్టుకుంటారని ఇల్లాలు మధ్యలోకి దూకింది. "ఒరే, పదవుతోంది! ఆ జీపులోనే పోరా నాయనా!"

దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లొస్తానని కూడా అనలేదు. "వాడింక మన గడప తొక్కడు" అని ఆమె సాయంత్రందాకా కళ్లొత్తుకుంటూనే ఉంది. ఆయన పిల్లికూనల ముందు పీట వేసుకుని కూర్చున్నారు.

పొద్దువాలుతుండగా జీపు వచ్చింది, నెత్తిదాకా బురదతో. తప్పు దిద్దడానికి మెకానిక్ అప్పటికే పానాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరి ఇంజిను వాళ్లకు పెట్టేస్తా. విప్పమంటారా సార్?"

తమ్ముడు అతని వైపు చూడనే లేదు. "బావా, మా ఆఫీసు వెనక కొండదారుంది. నా కారైతే సగంలోనే చతికిలబడేది. ఇది పైదాకా ఎక్కేసింది."

"ఏ గేరులో?" అన్నారు ఆయన, పీట మీద నుంచి లేస్తూ.

"రెండో గేరులో."

"కోతలు."

"రండి, చూపిస్తాను."

"మరి విప్పేదా?" అని మెకానిక్ జీపు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"బండి నాది, అటు జరుగు" అన్నారు ఆయన.

"ఇంజిను నాది, మీరే జరగండి" అన్నాడు తమ్ముడు. పోట్లాడుకుంటూనే ఇద్దరూ కొండవైపు వెళ్లిపోయారు. మర్నాడూ వెళ్లారు.

పెరట్లో రెండు కార్లున్న ఆ ఇంటి ఇల్లాలు కూరగాయలకు నడిచే వెళ్లింది.