మొదటి నిమిషం ఉచితం

ఫోన్ కంపెనీవాళ్ళని గెలిచిన మగాడు ఈ భూమ్మీద ఉన్నాడా అని నెల క్రితం అడిగి ఉంటే, మీసం మెలేసి "ఉన్నాడు, మీ ఎదురుగానే కూర్చున్నాడు" అనేవాణ్ణి. ఇప్పుడు అడక్కండి. అడిగినా మా ఆవిడ ముందు అసలడక్కండి.

నేను కర్టెన్ల కొట్లో కొలతలు తీసేవాణ్ణి. ఇంటింటికీ వెళ్ళి, స్టూలెక్కి, కిటికీకి టేపు పట్టి, రెండుసార్లు కొలిచి ఒకసారి రాసుకోవడం నా పని. ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తుండటం వల్ల ఏది కంటపడినా కొలవాలనిపిస్తుంది. మా ఆవిడ సాయంత్రం పూట తన చెల్లెలితో ఫోన్లో ఎంతసేపు మాట్లాడుతుందో కూడా కొలిచాను. గంటా పదకొండు నిమిషాలు. అదీ మామూలు రోజున.

మరదలుండేది దూరదేశంలో. అక్కడికి ఫోన్ చేస్తే నిమిషానికింతని పడుతుంది. ఆ నెల బిల్లు చూసి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఏమిటే ఇది? ఫోన్ బిల్లా, ఇంటి అద్దెనా?"

"దానికి ఇంటర్వ్యూ ఉందండీ. నేను ప్రశ్నలడిగి తయారు చేస్తున్నాను. మీకు చెప్పాను కదా."

"చెప్పావు. గంటా పదకొండు నిమిషాలని చెప్పలేదు."

"మీరు ఒక్కో కిటికీని రెండేసిసార్లు కొలుస్తారు. నేనెప్పుడైనా అడిగానా?"

ఆ ఇంటర్వ్యూ ఆషామాషీది కాదు, ఒప్పుకుంటాను. మరదలు నర్సు. ఒక వృద్ధాశ్రమంలో తాత్కాలికంగా పనిచేస్తోంది. నెలాఖరుతో ఆ పని సరి. పిల్లల ఆసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగానికి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ పోయింది. మూడోసారే ఆఖరుది, ఆ తర్వాత గుమ్మం ఎక్కనివ్వరట. పోతే పెట్టే బేడా సర్దుకుని వెనక్కి రావడమే.

పనిలో ఆ పిల్ల బంగారం. ఎంత గుక్కపట్టి ఏడ్చే పసివాడైనా ఆమె చెయ్యి తగిలితే ఊరుకుంటాడు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. ఆ అక్కచెల్లెళ్ళకి ఏ సంగతైనా మొదట్నుంచి చెప్పకపోతే చెప్పినట్టుండదు. సూదికి భయపడే పిల్లని ఎలా సముదాయిస్తావని అడిగితే, మా మరదలు తనకి ఐదో ఏట వచ్చిన జ్వరం దగ్గర మొదలుపెట్టిందట. ఆ జ్వరం ఇంకా తగ్గలేదు, వాళ్ళిచ్చిన సమయం అయిపోయింది.

అయినా ఖర్చు ఖర్చే. ఆదివారం పూట పెద్ద కాగితం తెచ్చి హాల్లో గోడకంటించి పట్టిక గీశాను. పదకొండు కంపెనీలు, ఒక్కోదానికి ఏడు గళ్ళు. ఒకడు నిమిషం చవకంటాడు, కానీ నెలనెలా కట్టమంటాడు. ఇంకొకడు నెలకేమీ వద్దంటాడు, మూడు నెలలది ముందే ఇమ్మంటాడు. ఒకడికి పగలు చవక, ఒకడికి రాత్రి చవక. మరొకడి షరతులు చదవడానికి భూతద్దం కొన్నాను. చదివాక అర్థం కావడానికి ఏం కొనాలో తెలియలేదు.

మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి పట్టిక ముందు నిలబడింది.

"ఏమండీ, ఇదంతా ఎందుకుగానీ, నిన్న చెల్లి ఏం చెప్పిందంటే..."

"ఆగవే. ఎనిమిదో కంపెనీలో ఉన్నాను."

"అది కాదండీ, వాళ్ళ హాస్టల్లో..."

"హాస్టల్ సంగతులు మొదట్నుంచి మొదలుపెట్టకు తల్లీ. గళ్ళు తప్పుతాయి."

ఆవిడ నా వంక ఓ చూపు చూసి, కాఫీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ చూపుని కూడా కొలిచి ఉండాల్సింది.

పదకొండు కంపెనీలూ నన్ను తికమక పెట్టేశాక, పన్నెండోదాన్ని మా కోతలరాయుడు చెప్పాడు. కొట్లో గుడ్డ కత్తిరించేది ఆయనే. కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది కనక ఆ పేరు పెట్టుకున్నాం.

"చిటికె అని కొత్తగా యాప్ వచ్చింది గురూ. నెట్ మీద పోయే కాల్. ఏ దేశానికైనా మొదటి నిమిషం ఉచితం!"

"మరి రెండో నిమిషం?"

"రెండో నిమిషం దాకా ఎందుకు పోవాలయ్యా? పెట్టెయ్, మళ్ళీ చెయ్. మళ్ళీ మొదటి నిమిషమే! మా బావమరిది ఏడాదిగా అలాగే మాట్లాడుతున్నాడు, చిల్లిగవ్వ కట్టలేదు."

ఇంత చిన్న ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే నా ఫోన్లోనూ ఆవిడ ఫోన్లోనూ ఒకే ఖాతా మీద చిటికె వేసి, ఇంటికి చట్టం చేశాను. కాల్‌కి యాభై ఐదు సెకన్లు. అంచు కుట్టుకి గుడ్డ వదిలినట్టు ఐదు సెకన్లు వదిలాను. వంటింట్లో ఉన్న టైమర్ నా చేతిలో ఉంటుంది. అది మోగగానే ఫోన్ పెట్టెయ్యాలి.

యుద్ధానికి సిద్ధపడే చెప్పాను. మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "అలాగే" అంది.

పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఒక్క మాటతో ఒప్పుకోవడం అదే మొదలు. బుద్ధున్నవాడైతే అనుమానించేవాడు. నేను పొంగిపోయాను.

"కానీ ఒకటి. టైమర్ మోగగానే మీరు 'ఆపండి' అనాలి. గట్టిగా. దానికి వినబడాలి."

"ఎర్ర బొత్తాం నువ్వు నొక్కుతావుగా?"

"ఆ చూసుకుంటాలెండి. మీరు గడియారం మీదే కన్నేసి ఉంచండి. ఒక్క సెకను దాటినా డబ్బు పోతుంది."

నా మనసెరిగిన ఇల్లాలు అనుకున్నాను.

"పిల్లాడు మందు మింగనంటే ఏం చేస్తావే?" అని అడిగింది ఆవిడ, ఫోన్ స్పీకర్లో పెట్టి.

"అక్కా, మన పక్కింటావిడ లేదూ, వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి ముందు..."

"ఆపండి!"

"ఎవరక్కా అది?"

"మీ బావగారు. మళ్ళీ చెప్పు."

"పక్కింటావిడ పెద్దమ్మాయికి ఒకసారి..."

"ఆపండి!"

మొదటి వారమంతా పక్కింటావిడ పెద్దమ్మాయి పెళ్ళి కాలేదు, ఆ పిల్లాడు మందూ మింగలేదు. రెండో వారంలో మరదలు ఏడ్చేసింది. "బావగారేంటక్కా, రాయిలా అయిపోయారు" అంటుంటే నా ప్రాణం చివుక్కుమంది.

"పోనీ ఇంకో పది సెకన్లిద్దామే. నాలుగు డబ్బులు పోతే పోయాయి" అన్నాను.

"వీల్లేదు. యాభై ఐదంటే యాభై ఐదే. ముఖం కూడా కాస్త చిరాగ్గా పెట్టండి."

"ముఖం ఆ పిల్లకి కనబడదుగా?"

"గొంతులో వినబడుతుంది. ఆఁ, అలా! బిల్లు చూసినప్పుడు పెట్టారే, అదీ!"

సాయంత్రానికి నలభైసార్లు "ఆపండి" అని అరిచేవాణ్ణి. కలలో కూడా అరిచానట. కొట్లో మాత్రం నా పేరు మారుమోగిపోయింది. కోతలరాయుడు తన బావమరిదిని మానేసి నన్ను ఉదాహరణగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఒక్క అనుమానం మాత్రం తొలిచేసేది. నిమిషం లెక్క ఫోన్ మోగినప్పట్నుంచా, ఎత్తినప్పట్నుంచా? రోజూ మధ్యాహ్నం చిటికెలోంచే చిటికెవాళ్ళకి ఫోన్ చేసి అడిగేవాణ్ణి. అరగంట వాయిద్యం వినిపించి, "మీ సందేహం మాకెంతో ముఖ్యం" అని చెప్పి మళ్ళీ వాయిద్యం వినిపించేవాళ్ళు. ఎప్పుడైనా మనిషి దొరికితే, ఒక్కో మనిషి ఒక్కో మాట చెప్పేవాడు. అంచేత మర్నాడు మళ్ళీ చేసేవాణ్ణి.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి ఫోన్ చేస్తానంది మరదలు. చెయ్యలేదు. మూడైంది, నాలుగైంది. స్టూలు మీద నిలబడి టేపు పట్టుకున్నానే గానీ, పొడవు రాయాల్సిన చోట వెడల్పు రాశాను. కొట్లో ఆ కొలతకే గుడ్డ కోసేసరికి, ఎవరిదో పడగ్గది కర్టెన్ మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. కోతలరాయుడికి నోట మాట రాలేదు. అది చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను, తీరా చూస్తే సంతోషం కలగలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ బల్ల దగ్గర ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ ముఖం చూడగానే నాకు దుఃఖం ఆగలేదు.

"నాదేనే తప్పంతా. పిల్ల బతుకు తేలే పరీక్షైతే, నేను సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్క జవాబైనా పూర్తిగా చెప్పనివ్వలేదు. వెధవ డబ్బు!"

అదే నిమిషాన నా ఫోన్ మోగింది. మరదలు కాదు, చిటికెవాళ్ళ బిల్లు. సున్నా అని ఉంటుందనుకుని తెరిచాను. సున్నా లేదు. పాత బిల్లులో సగం ఉంది.

కింద వివరంగా రాశారు. మొదటి నిమిషం ఉచితమేనట. కానీ కాల్ కలిపినందుకు ప్రతిసారీ రుసుమట. వాళ్ళకే చేసిన కాల్స్‌కైతే నిమిషం మినహాయింపు కూడా లేదట. మొత్తం ఇరవై ఆరు కాల్స్. అన్నీ నా ఫోన్ నుంచే, అన్నీ వాళ్ళకే.

"మీ చెల్లికి ఒక్క కాల్ కూడా లేదేమిటే?"

"చెయ్యలేదు కాబట్టి."

"రోజుకి నలభైసార్లు..."

"వాళ్ళ హాస్టల్లో వైఫై పెట్టారండీ. మనింట్లో మీ క్రికెట్ మ్యాచ్‌ల కోసం నెట్ ఉండనే ఉంది. రెండువైపులా నెట్ ఉంటే మామూలు యాప్‌లో ఎంతసేపైనా ఊరికే మాట్లాడుకోవచ్చు. అదే చెప్పబోతే ఎనిమిదో కంపెనీలో ఉన్నానన్నారు. మీరు 'ఆపండి' అన్నప్పుడల్లా నేను ఫోన్ బోర్లించేదాన్నంతే. మీరు గడియారం చూసుకునేవారు."

"మరి నాచేత అన్ని అరుపులు ఎందుకు అరిపించినట్టు?"

ఆవిడ ఫోన్లో ఒక ఉత్తరం తీసి చూపించింది. పిల్లల ఆసుపత్రిది. ప్రశ్నకి ఒక నిమిషమే. ముగ్గురు కూర్చుంటారు, సమయం కాగానే మధ్యలో కూర్చున్నాయన మాట సగంలోనే ఆపేస్తాడు.

"రెండుసార్లూ ఆయన ఆపగానే చెల్లి బెదిరిపోయి నోరు మూసుకుందండీ. అలవాటు చెయ్యాలంటే చిరాగ్గా ఉండే మగమనిషి ఒకడు కావాలి. బయట వెతకాల్సిన పని పడలేదు."

నేను కోపం తెచ్చుకుందామనుకునేలోపు ఫోన్ మోగింది.

"అక్కా! వచ్చేసింది! ఉద్యోగం వచ్చేసింది!"

"ఇంతసేపు ఏం చేశావే? ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి!"

"ఆశ్రమంలో ముసలివాళ్ళందరికీ చెప్పొచ్చానక్కా. ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచి."

మా ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నా సంగతీ అంతే. ఫోన్ నా చేతికిచ్చింది.

"బావగారూ, మొదటి ప్రశ్నకే మధ్యలో కూర్చున్నాయన అచ్చం మీలాగే అన్నాడు, వాళ్ళ భాషలో 'ఆపండి' అని. నాకు నవ్వొచ్చింది. తర్వాత సూది ప్రశ్నకి నలభై సెకన్లలో చెప్పేసి నేనే ఆగిపోయా. ఆయనే ఇంకా చెప్పమన్నాడు!"

"శభాష్ తల్లీ!" అన్నాను.

"ఇంకో సంగతండీ. నాతోపాటు నలుగురమ్మాయిలున్నారు, వాళ్ళకి వచ్చే నెల ఇంటర్వ్యూ. మీ గురించి చెప్పాను. రేపు సాయంత్రం నుంచి మీరు కూర్చుంటారని అక్క మాటిచ్చేసింది."

అక్కవంక చూశాను. అక్క కిటికీవంక చూసింది.

సరేనన్నాను. అయితే చిక్కొకటి వచ్చిపడింది. అద్దం ముందు నించుని ఎంత ప్రయత్నించినా ముఖం చిరాగ్గా మారడం లేదు. ఆ పిల్ల పసివాళ్ళ మధ్య తెల్లబట్టలేసుకుని తిరగడం తలచుకుంటే చాలు, నోరు చెవుల దాకా సాగుతోంది.

"ఇలా నవ్వుతూ కూర్చుంటే నలుగురూ ఫెయిలవుతారే. ఏం చెయ్యను?"

"దిగులుపడకండి" అంది మా ఆవిడ. "ఆ చిటికె బిల్లు ఎదురుగా పెట్టుకోండి."