ఇంటర్వ్యూ ఉండగా ఉద్యోగం దేనికి?

ఉద్యోగం ఇవ్వని సంస్థల్ని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటర్వ్యూ ఇచ్చారు కదండీ, ఇంకేం కావాలి? ఉద్యోగమైతే ఒక్కడికే దొరుకుతుంది. ఇంటర్వ్యూ అలా కాదు, ఊరందరికీ సరిపోతుంది. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడుందో చెప్పండి!

వెనకటికి సెలక్షన్ అంటే నాలుగు ప్రశ్నలడిగి, "సరే, సోమవారం నుంచి రా" అనేవాళ్లు. ఎంత మొరటు పద్ధతి! మనిషిలో ఉన్న ప్రతిభని బయటికి లాగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు 'ట్రయల్' వచ్చింది. పని చేసి చూపించాలి. నచ్చితే కబురు చేస్తారు. నచ్చకపోయినా, చేసిన పని మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

మా పక్క వీధిలో కొత్తగా కట్టిన క్లినిక్కుకి పెయింటర్ కావాలన్నారు. నలుగురొచ్చారు. తలా ఓ గోడకి రంగు వేసి చూపించారు. ఒక్కడూ నచ్చలేదని డాక్టరుగారు చాలా బాధపడ్డారు. ఐదోవాడు వచ్చేసరికి, పాపం, అతని ప్రతిభ చూడ్డానికి సీలింగు తప్ప ఏమీ మిగల్లేదు.

వీధి చివర ట్యూషన్ సెంటరువాళ్లు ఇంకా ఉదారులు. లెక్కల మాస్టారి పోస్టుకి వచ్చినవాళ్లందరిచేతా డెమో క్లాసులు చెప్పించారు. డెమోలు ముగిసేసరికి సిలబస్ కూడా ముగిసింది. పిల్లలు పాసయ్యారు. పోస్టు ఖాళీగానే ఉంది. అయినా కొందరు వాళ్ల టీ తాగి, బయటికొచ్చి వాళ్లనే ఆడిపోసుకుంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

ఇక మా బామ్మర్ది సంగతి. వాడు టైలరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాడి కొట్టు పోయింది. అప్పట్నుంచీ పెళ్లాం పిల్లలతో మా ఇంట్లోనే ఉంటున్నాడు. నెలజీతం వచ్చే పని దొరికితే గాని వేరే ఇల్లు తీసుకోలేడు. మా ఇంట్లో రెండోసారి అన్నం వడ్డించుకోడు. వాళ్లక్క బతిమాలితే "కడుపు నిండిందక్కా" అంటాడు. వాడికున్న రోగం అదే, అభిమానం ఎక్కువ. అలాంటివాళ్లకి ఇంటర్వ్యూలే మందు.

స్కూళ్లు తెరిచే ముందు ఓ పెద్ద బట్టల షాపువాళ్లు టైలర్లు కావాలని బోర్డు పెట్టారు. మావాడు వెళ్లాడు. షాపు వెనక పొడుగాటి హాలు, వరసగా కుట్టుమిషన్లు, ప్రతి మిషను ముందూ ఓ అభ్యర్థి. మేనేజరు పద్ధతైన మనిషి. "యూనిఫాంలు కుట్టి చూపించండి. దారం మాత్రం మీరే తెచ్చుకోవాలి. దాన్నిబట్టే ఈ పని మీద మీకెంత ఇష్టముందో తెలుస్తుంది" అన్నాడట. చూశారా, ఎంత లోతైన పరిశీలనో!

మొదటి రౌండు చొక్కాలు. రెండోది నిక్కర్లు. మూడో రౌండులో వేగం చూస్తామన్నారు, అంటే పొద్దుట్నుంచి దీపాలు పెట్టేదాకా రెండూ కలిపి కుట్టాలి. ఆ తర్వాత కాజాలు, గుండీలు, ఇస్త్రీ. చివర్లో, టీమ్ స్పిరిట్ కోసమని, అందరూ కలిసి మడతలు పెట్టి అట్టపెట్టెల్లో సర్దడం. స్కూళ్లు తెరిచిన మర్నాడు అందరికీ ఫోన్లు వచ్చాయి. మావాడి కుట్టులో ఫినిషింగ్ లేదట. ఫోను పెట్టేసి చాలాసేపు తన వేళ్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. అంత విలువైన సలహా ఊరికే దొరికినందుకు సంతోషించాలా, వద్దా?

ఆ సాయంత్రమే మా ఆవిడ మా చిన్నాడికి యూనిఫాం కొనుక్కొచ్చింది. ఆ షాపులో తప్ప ఇంకెక్కడా కొనకూడదని స్కూలువాళ్ల రూలు మరి. పిల్లాడు తొడుక్కుని మామయ్య ముందు నిలబడ్డాడు. మావాడు కాలరు తిరగేసి చూశాడు. జేబు మూల తడిమాడు.

"ఇది నేను కుట్టిందే అక్కా."

"నీ కుట్టు నచ్చలేదన్నారుగా?"

"నచ్చలేదు. అందుకే అమ్మేశారు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. చొక్కా అంచున దారప్పోగు ఒకటి వేలాడుతుంటే పళ్లతో కొరికి తీసేశాడు.

నిన్న షాపు నుంచి మళ్లీ ఫోనొచ్చింది. మావాడి పేరు ఇంకా పరిశీలనలోనే ఉందట. ఈసారి కోట్లు కుట్టి చూపించాలట. పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయిగా. మా ఆవిడ వెళ్లొద్దంది. "ఈసారి తీసుకుంటారేమో అక్కా" అంటూ వాడు దారం కొనుక్కోడానికి బయల్దేరాడు.

అయ్యా, మనిషిచేత పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడాన్ని మా తాతల కాలంలో వెట్టి అనేవాళ్లు. అప్పట్లో దానికి జనాన్ని మెడ పట్టి ఈడ్చుకెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంటర్వ్యూ అని పేరు మార్చాక, తెల్లారగట్లే లేచి, తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, వాళ్లంతట వాళ్లే వెళ్తున్నారు.