స్లేకెగెమ్‌లో బురద లేదు

మానవుడు బురదలో కాలుపెట్టి లక్షల ఏళ్ళు గడిచాయి గానీ, ఆ బురదను యాప్‌లో నమోదు చేసుకునేంత నాగరికత మాత్రం ఈ ఏటి సైక్లోక్రాస్ సీజన్‌తోనే సిద్ధించింది. ఈ సందర్భంగా అంతర్జాతీయ పంక ప్రమాణాల మండలికి నా అభినందనలు. (అభినందనలు కూడా యాప్ ద్వారానే పంపాలట. పంపాను. పరిశీలనలో ఉన్నాయి.)

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా బెల్జియం ఫ్లాండర్స్‌లో ఆదివారమంటే సైకిలే. తొక్కగలిగినంతసేపు పొలాల్లో తొక్కడం, తొక్కలేనప్పుడు భుజాన వేసుకుని పరిగెత్తడం, చూసేవాళ్ళు బీరు గ్లాసుతో గట్టున నిలబడి తిట్టడం. మా ఊరు స్లేకెగెమ్‌లో రౌండు నలభై ఒక్క ఏళ్ళుగా జరుగుతోంది. దేశదేశాల వాళ్ళు వచ్చి మా ఓడిలన్ వెర్స్టైఫ్ట్ బంగాళాదుంపల చేలో పడి వెళ్తుంటారు.

ఓడిలన్ కూతురు హెలేన్ మా ఊరి పోస్టుమనిషి. వయసు ముప్పై మూడు, ఇదే ఆమె ఆఖరి సీజన్. మా రౌండులో మొదటి ఎనిమిది మందిలో వస్తే ప్రపంచ పోటీలకు జాతీయ జట్టులో చోటు, రాకపోతే సైకిలు మీద ఉత్తరాలే. పొడినేల మీద ఆమె మామూలు మనిషి. బురదలో మాత్రం ఆమెను పట్టుకోవడం కష్టం. ఎందుకంటే ప్రతి చుట్టుకూ సైకిలు బురదతో బిగుసుకుపోతుంది, ఆ పక్కనే గొట్టంతో కడిగిన రెండో సైకిలు పట్టుకుని ఓడిలన్ నిలబడి ఉంటాడు. ఆ మార్పిడికి తండ్రీకూతుళ్ళకు నాలుగు సెకన్లు చాలు.

ఇక నిబంధన 14(ఖ): ‘నమోదిత బురద లేని పోటీలో సైకిలు మార్చుకొనుట విలాసముగా పరిగణించబడును, అనుమతించబడదు.’ అలాంటి ఊళ్ళను మరుసటి సీజను పట్టికలోంచి తీసేస్తారు కూడా.

మా ఊరి పోటీ కమిటీలో బురద వ్యవహారాల కార్యదర్శిని నేనే. ఫారం నింపింది నేనే. ‘నేల స్వభావము’ అన్న గడిలో, మా అమ్మ, అమ్మమ్మ, మా పాస్టర్ ఏ మాట అంటారో ఆ మాటే రాశాను: స్లేక్. బూటుకు అంటుకుని ఇంట్లోకి వచ్చే సరుకుకు మా దగ్గర ఉన్న పేరు అదొక్కటే. మా ఊరి పేరులోనే ఉంది. యాప్ నిఘంటువులో మాత్రం పుస్తకాల మాట మాడర్ ఒక్కటే ఉంది. తెలియని మాట కనబడేసరికి యాప్ మర్యాదగా ‘ఎండిన నేల’ అని దిద్దుకుంది. సవరణకు ఇరవై ఒక్క పనిదినాలు. పోటీకి పది రోజులు.

శనివారం తనిఖీకి డీడరిక్ హోగ్లాండ్ గారు వచ్చారు. మండలి అధికారి, హాలండ్ మనిషి. మూడు రోజులుగా వాన కొడుతోంది. ఆయన కారు చేలోకి దిగగానే తలుపుల దాకా కూరుకుపోయింది. ఓడిలన్ ట్రాక్టరు కట్టి లాగి, తన బూట్లు ఇచ్చి, చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించాడు.

“ఇప్పుడు చెప్పండి సారూ, ఇదేమిటి?” అన్నాడు ఓడిలన్, మోకాలి దాకా దిగబడిన తన కాళ్ళు చూపిస్తూ.

“నాకు అర్థమైందండీ,” అన్నారు హోగ్లాండ్ గారు బాధగా. “యాప్‌కు అర్థం కాలేదు.”

“మీరు హాలండోళ్ళు, సముద్రాన్నే తోడి అవతల పోశారు కదా. ఒక మాట మార్చలేరా?”

“సముద్రానికి ఫారం లేదండీ.”

ఆయన పొడినేల అని ధ్రువీకరించి సంతకం పెట్టారు. పెన్ను జారి కింద పడింది, దొరకలేదు. (కారు దిగబడిన కారణం అన్న గడిలో ‘ఇతరములు’ అని రాసుకున్నారు.)

ఆదివారం పోటీ మొదలైంది. రెండో చుట్టుకే అందరి చక్రాలూ బిగుసుకున్నాయి. మూడో చుట్టుకు తొక్కేవాళ్ళు లేరు. ప్రపంచ స్థాయి క్రీడాకారిణులు నలభై ఇద్దరు భుజాన సైకిళ్ళతో మా ఊరి చేలో నడుచుకుంటూ పోతున్నారు. ఓడిలన్ కడిగిన సైకిలు పట్టుకుని తాడు అవతల నిలబడ్డాడు, కూతురు వచ్చినప్పుడల్లా చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. చూడలేకపోయాను.

“ఏం చేస్తావు నాన్నా, పట్టుకుని ఉండు,” అంది హెలేన్ దాటిపోతూ. “నడకేగా. రోజూ నడిచేదే.”

ఆ మాట నిజం. పన్నెండేళ్ళుగా వానలో సంచి మోసిన మనిషి. ఒక్కొక్కరినే దాటుకుంటూ మూడో స్థానానికి వచ్చేసింది. ఆఖరి మలుపులో వెల్లకిలా పడింది, లేచింది, మూడోదిగానే గీత దాటింది. గట్టు మీద మొత్తం ఊరు పిచ్చెత్తినట్టు అరిచింది, నేనూ అరిచాను.

పావుగంటకు హోగ్లాండ్ గారు చేత్తో రాసిన కాగితం అంటించారు. హెలేన్ వెర్స్టైఫ్ట్, అనర్హురాలు. కారణం: ‘వీపు మీది అంకె మాడర్ వల్ల కనిపించలేదు.’

నేను ఆ మాటను రెండుసార్లు చదివి, హోగ్లాండ్ గారి దగ్గరికి పరిగెత్తాను. “అయ్యా, ఆమె వీపు మీద మాడర్ ఉందని మీరే రాశారు. అది మా చేలోది కాక ఆకాశంలోంచి పడిందా?”

ఆయన ఫోనులో చాలాసేపు నొక్కారు. ఆయన మొహం వెలిగింది. అధికారి చేతిరాతలో బురద రుజువైతే స్లేకెగెమ్‌కు ఉత్తమ శ్రేణి ధ్రువపత్రం, అయిదేళ్ళు పట్టికలో చోటు. సైకిలు మార్చుకునే హక్కు కూడా, సంతకం పెట్టిన క్షణం నుంచి. (అప్పటికి పోటీ అయిపోయి అరగంట.)

“మరి మా అమ్మాయి మూడో స్థానం?” అన్నాడు ఓడిలన్.

“అనర్హత రద్దు చేస్తే మాడర్ లేదని అర్థం వస్తుందండీ. అప్పుడు రుజువు పోతుంది. ధ్రువపత్రమూ పోతుంది. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి. యాప్ పది నిమిషాలే ఆగుతుంది.”

కమిటీ బీరు గుడారంలో సమావేశమైంది. పదకొండు మందిమి. ఓడిలన్ బయట ఆ కడిగిన సైకిలునే మళ్ళీ కడుగుతున్నాడు. హెలేన్ సూపు గిన్నె పట్టుకుని గుడారం గుమ్మంలో నిలబడి మా వైపు చూసింది.

“చెయ్యెత్తండి బాబాయ్, సూపు చల్లారిపోతోంది,” అంది.

ధ్రువపత్రానికి పదకొండు చేతులూ లేచాయి. నా చెయ్యి కాస్త ఆలస్యంగా లేచిందని నమోదు చేయించుకున్నాను. ప్రపంచ పోటీలను ఊరంతా అదే గుడారంలో టీవీలో చూసింది. హెలేన్ రాలేదు, ఆ రోజు డ్యూటీ వేయించుకుందట.

ధ్రువపత్రం ఫిబ్రవరిలో రిజిస్టర్డు పోస్టులో వచ్చింది. సైకిలు గోడకు ఆనించి, సంచిలోంచి కవరు తీసి, రసీదు కూడా చూపించింది మా పోస్టుమనిషి. నేను తోటలోంచి అలాగే వచ్చి చెయ్యి చాచాను.

“ఉండండి బాబాయ్,” అంది. “కవరు మీద రాశారు చూడండి. బురద మరక పడితే చెల్లదట.”

లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుని వచ్చి సంతకం పెట్టాను.