రెండు వందల ఆరోగ్యవంతులు

ఆ ఉదయం డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఆసుపత్రి కమిటీ వస్తుంది, యంత్రం నాలుగు మంచి మాటలు పలుకుతుంది, చైర్మన్ సంతకం పెడతారు, తల తిరుగుడు రోగుల విభాగం బతికిపోతుంది. సంతకం పడకపోతే సాయంత్రానికల్లా ఆ గదిలోకి పంటి విభాగం వాళ్ల విరిగిన కుర్చీలు వచ్చి చేరతాయి.

యంత్రమంటే నేల మీద ఒక పలక, పక్కన ఒక కంప్యూటర్. మనిషి పలకెక్కి అర నిమిషం నిలబడితే, ఊగే తీరును బట్టి న్యూరల్ నెట్‌వర్క్ జబ్బేమిటో చెబుతుంది. లేకపోతే లేదంటుంది. దానికి చదువు చెప్పింది డాక్టరమ్మ మరిది. ఇంజనీరు. పని తక్కువ, ధీమా ఎక్కువ. రోగులు ఊగే తీరు నమూనాలు వదిన ఇస్తే, ఆరోగ్యవంతుల నమూనాలు రెండు వందలు అతనే తెచ్చాడు.

ముందు చైర్మన్ బూట్లు విప్పి పలకెక్కారు. లోపలి చెవి దెబ్బతిన్నదని తెర మీద పడింది.

"నాకా? పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడిచొచ్చానయ్యా!"

"మొదట్లో ఎవరికీ తెలీదు సార్," అన్నాడు మరిది, ఎంతో ఓదార్పుగా.

అంతే, చైర్మన్‌కి నిజంగానే తల తిరిగింది. మంచమెక్కించారు. తర్వాత ఎక్కిన సభ్యురాలికి మెదడులో లోపమట. ఆవిడ కూతురికి ఫోన్ చేసి, బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పేసింది. మంచినీళ్లు తెచ్చిన నర్సుకైతే ఏకంగా రెండు జబ్బులు. కబురు వరండాలోకి పాకేసరికి సిబ్బందిలో సగం మంది గోడలు పట్టుకుని నడవసాగారు.

"ఈ ఊళ్లో ఆరోగ్యంగా ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?" చైర్మన్ మూలిగారు.

"ఎందుకు లేడు సార్? మా నాన్న!" మరిది ఫోన్ అందుకున్నాడు.

పావుగంటలో మామగారు వచ్చి పలకెక్కారు. తెర ఆ పూట మొదటిసారి ఆకుపచ్చగా వెలిగింది. సంపూర్ణ ఆరోగ్యం! మరిది చప్పట్లు కొట్టాడు. డాక్టరమ్మ మాత్రం, పలక దిగుతూ మామగారు తన భుజం గట్టిగా పట్టుకోవడం గమనించింది.

"మామయ్యగారూ, తల తిరుగుతోందా?"

"అబ్బే... మూడేళ్లుగా ఏదో కాస్తమ్మా. చెబితే స్కూటర్ తాళం లాక్కుంటావని..."

ఆమె మరిది వైపు తిరిగింది. "ఆ రెండు వందల మందీ ఎవరు?"

"అంటే వదినా... ఊరందర్నీ బతిమాలే ఓపిక ఎవరికుంది? నాన్న ఖాళీగానే ఉంటాడు కదా అని..."

"ఒక్క మనిషిని రెండు వందల సార్లు ఎక్కించావా?"

"మధ్యలో టీ ఇచ్చాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ ముందు మామగారి సంగతి చూడాలి. చైర్మన్‌ని మంచం దింపి, మామగారిని పడుకోబెట్టి పరీక్షించింది. లోపలి చెవిలో తూకం నిలిపే రేణువులు చోటు తప్పాయి. తలను మెల్లగా ఇటు తిప్పి, అటు తిప్పి, లేపి కూర్చోబెట్టింది. ఐదు నిమిషాల పని.

మామగారు ఏ ఆసరా లేకుండా గది ఆ చివరిదాకా నడిచారు. "అమ్మాయ్, నేల కదలడం లేదే!" అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. చైర్మన్ నిలబడే సంతకం పెట్టేశారు. "విభాగం ఉంటుంది. కాకపోతే చేతుల్తో చూడమ్మా," అన్నారు బూట్లు వెతుక్కుంటూ.

సంబరం పట్టలేక మామగారు మళ్లీ పలకెక్కారు. తెర ఎర్రబడింది. తీవ్రమైన రోగం.

పాపం, ఆ యంత్రానికి తెలిసిన ఒకే ఒక్క ఆరోగ్యవంతుడికి ఆ పూటే జబ్బు నయమైపోయింది.