కదలని ముల్లు

కారును చంపింది బావమరిదే. దీనిమీద రెండో మాట లేదు.

ఆ ఉదయం పెద్దాయన అనుకున్నది చాలా చిన్న పని. ఇంజన్‌లో నీళ్ళు ఎంత వేడెక్కాయో పసిగట్టే సెన్సరు ఒకటి ఉంటుంది. బొటనవేలంత ఇత్తడి ముక్క. దాన్ని బిగించి, దాని వైరును డ్యాష్‌బోర్డు మీది మీటరుకు కలపాలి. పోయినసారి వచ్చిన రవాణాశాఖ ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, వీధి చుట్టూ నడిపి చూశాడు. చివరికి వేడి చూపించే మీటరు లేదని కారును ఫెయిల్ చేశాడు. ఇవాళ ఆ ఒక్కటీ చూడటానికి మళ్ళీ వస్తున్నాడు. ఈసారి కూడా ఫెయిలైతే కారును పాత ఇనుముకు వేసేసి, షెడ్డును కూతురి కుట్టుమిషన్లకు ఇచ్చేస్తానని పెద్దాయన మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

లేతు మిషన్ మీద పనిచేసి రిటైరైనవాడు. కారంతా తనే కట్టుకున్నాడు. చట్రం ఆయన వెల్డింగు, తలుపులు ఆయన సాగగొట్టిన రేకు. సీటు కవర్లు మాత్రం భార్య కుట్టింది. చక్రాలు లేని కారులో కూర్చుని, "ఇది ఎప్పటికైనా కదులుతుందా, నన్నే తోయమంటారా?" అని అడిగేది. కదలకముందే ఆమె పోయింది.

సెన్సరు పెట్టడానికి పెద్దాయన ఇంజన్‌కున్న పాత బిరడా విప్పి, లోపలి నీళ్ళన్నీ బకెట్లోకి వదిలాడు. సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు. భార్య తమ్ముడు, ప్లంబరు. సంచి భుజాన వేసుకుని పిలవని చోటికి రావడం అతని రివాజు.

"జరుగు బావా. నీళ్ళ సంగతి నాకొదిలెయ్."

"నిన్నెవడు పిలిచాడు?"

"అక్క ఉంటే పిలిచేది."

ఆ మాటతో పెద్దాయన పక్కకు జరిగాడు. స్పానరు అతని చేతిలో పెట్టి, వైరు వెతకడానికి ఇంట్లోకి పోయాడు.

మరలున్న వస్తువు ఏది దొరికినా దానికి తెల్లటేపు చుట్టకుండా ఉండలేడు ప్లంబరు. కుళాయికి చుట్టినట్టే సెన్సరుకూ చుట్టాడు. పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినంత ప్రేమగా, పొర మీద పొర. బిగించాక బయటికి కనపడిన టేపును బ్లేడుతో కోసి శుభ్రం చేశాడు. ఆ సెన్సరు పనిచేయాలంటే దాని ఇత్తడి ఇంజన్ ఇనుముకు తగలాలి. టేపు తగలనివ్వదు.

"అయిపోయింది బావా. చుక్క కారితే నా పేరు మార్చుకుంటా."

చుక్క కారలేదు. కారడానికి లోపల చుక్క లేదు. బకెట్లోని నీళ్ళు తిరిగి పొయ్యడం నీళ్ళవాడి పనని పెద్దాయన అనుకున్నాడు. కారువాడి పనని ప్లంబరు అనుకున్నాడు. బకెట్ మూలన నిండుగా కూర్చుంది.

పెద్దాయన వైరును మీటరుకు కలిపి తాళం తిప్పాడు. ఇంజన్ స్టార్టయింది. మీటరు ముల్లు చల్లదనం చూపే నీలంగీత మీద పడుకుని లేవలేదు.

"ఎంత చల్లగా నడుస్తోందో చూడు. ఫ్రిజ్జే అనుకో."

"లేవాలిరా అది. ఇంజనన్నాక వేడెక్కదా?"

"గట్టిగా తొక్కు, అదే లేస్తుంది."

తొక్కాడు. లేవలేదు. ఇంజన్ ఆపి చూద్దామంటే బ్యాటరీ ముసలిది. ఒకసారి ఆపితే ఇన్‌స్పెక్టరు ముందు మళ్ళీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. లోపం వైరులోనే ఉందని తేల్చుకుని, పెద్దాయన ఇంజన్‌ను అలాగే నడవనిచ్చి డ్యాష్‌బోర్డు ఊడదీశాడు. ఆ చిక్కులో హారన్ వైరు ఎక్కడో తగులుకుంది. హారన్ మొదలైంది. ఇక ఆగలేదు.

ఎదురింటావిడ చెవులు మూసుకుని గేటు దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ! ఏదో మాడుతోందండీ!"

"మీ పొయ్యి మీద చూసుకోండమ్మా!" ప్లంబరు కేకేశాడు. "మా మీటరు చల్లగానే ఉంది!"

ఆవిడ గాభరాగా లోపలికి పరిగెత్తింది. కాసేపటికి మండిపడుతూ తిరిగొచ్చింది. "నేనింకా పొయ్యే వెలిగించలేదు!"

ఆ మోతలో ఇంజన్ దగ్గింది, మూలిగింది, లోపల్లోపల గీసుకుంది. ఎవరికీ వినపడలేదు. ఉన్నట్టుండి కారు మొత్తం వణికి నిలిచిపోయింది. పెద్దాయన తాళం తిప్పాడు. టక్కున అదిరింది, అంతే. మళ్ళీ తిప్పాడు. లోపల పిస్టన్లు వేడికి బిగుసుకుపోయాయి. జీవితమంతా ఇనుముతో గడిపినవాడికి ఆ అదురు సంగతి ఒకరు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ప్లంబరు బకెట్ వంక చూశాడు. తర్వాత బావ వంక చూశాడు. "నువ్వు పొయ్యలేదా?"

పెద్దాయన చేతికందిన వైర్లన్నీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. హారన్ నోరు మూసుకుంది. తెగిన సెన్సరు వైరు కొస వేలాడి చట్రానికి తగిలింది. టేపు అడ్డుపడ్డ ఇనుము దానికి నేరుగా దొరికింది. అంతవరకూ చచ్చినట్టు పడున్న ముల్లు ఒక్క గెంతులో ఎర్రగీత చివరికి పోయి నిలబడింది.

ఫైలు చంకలో పెట్టుకుని ఇన్‌స్పెక్టరు షెడ్డులోకి వచ్చాడు. "మీటరు పెట్టారా?" అంటూ బానెట్ మీద చెయ్యి వేసి, చటుక్కున తీసి వేళ్ళు ఊదుకున్నాడు. ఊడిన డ్యాష్‌బోర్డును పట్టించుకోకుండా వంగి ముల్లు చూశాడు. మొహం విచ్చుకుంది.

"బానెట్ కాలిపోతోంది, ముల్లు ఎర్రలో ఉంది. ఇంత కచ్చితమైన మీటరు కొత్త కార్లలో కూడా చూళ్ళేదండీ!"

"సార్, ఇంజను..." అన్నాడు పెద్దాయన.

"వద్దొద్దు, స్టార్ట్ చెయ్యకండి. ఇంత వేడిలో తిప్పితే ఇంజన్ పోతుంది. అదంతా పోయినసారే చూశాను కదా."

సంతకం పెట్టాడు. ఈ వాహనం రోడ్డు మీద తిరగడానికి యోగ్యమైనదని చెప్పే చీటీ అద్దానికి అంటించి వెళ్ళిపోయాడు.

"పాసయ్యాం బావా!" అన్నాడు ప్లంబరు. పెద్దాయన స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. ప్లంబరు సంచి అక్కడే వదిలేసి, గేటు తీసే ఓపిక లేక గోడ దూకాడు.

సాయంత్రం కూతురు పని నుంచి వచ్చి చీటీ చదివింది. రెండోసారి చదివేటప్పటికి ఆమె కళ్ళు తడిశాయి.

"సాధించావు నాన్నా. షెడ్డు నీదే, ఇంక నేనడగను. రేపు నన్నెక్కించుకో. మొదట ఎక్కడికెళదాం?"

"ఎక్కడికీ లేదు."

"అదేంటి? ఏమైంది?"

"అడక్కు. రేపూ అడక్కు. నేను పోయాక మీ మావయ్యనడుగు."

కారు గురించి ఆయన నోట వచ్చిన ఆఖరి మాట అదే.