పేటకంతటికీ ఒకే వేలు

నెల తిరిగేలోగా మా పేటలో షుగర్ జబ్బన్నది లేకుండా చేస్తానని ఆరోగ్యమంత్రిగారు మైకులో ప్రకటించారు. ఎలా చేస్తారని అడిగేంత కుసంస్కారులు మా పేటలో లేరు. చప్పట్లు కొట్టాం.

మర్నాడే షుగరున్న ప్రతి ఇంటికీ మిషన్ వచ్చింది. పొద్దున్నే వేలు పొడుచుకుని, నెత్తుటి చుక్క స్ట్రిప్పుకి తాకిస్తే చాలు, అంకె దానంతటదే ఆఫీసుకి చేరిపోతుంది. చేరిన అంకెలు చూసి ఆఫీసు వాళ్లకే కళ్లు తిరిగాయట. మంత్రిగారి మాట నీటిమూటయ్యే ప్రమాదం వచ్చిపడింది.

అప్పుడు రంగంలోకి దిగాడు మా పేట పార్టీ కార్యకర్త. జిందాబాద్ అంటారు ముద్దుగా. మా ఇంటికొచ్చి, షుగరున్న మా అక్కకిచ్చిన మిషన్‌తో నా వేలు పొడిచి చూశాడు. తొంభై రెండు.

"బంగారంలాంటి నెత్తురు తమ్ముడూ. రేపట్నించి నీ వేలు పార్టీది," అన్నాడు.

ఇక రోజూ పొద్దున్నే స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పేవాడు. మిషన్ వాళ్లది, చుక్క నాది. వేళ్లు జల్లెడయ్యాయి గానీ, దేశసేవంటే ఊరికే అవుతుందా? చూస్తుండగానే పేటంతా ఆరోగ్యంతో కళకళలాడింది.

ఆ వెంటనే ఆస్పత్రిలో అక్కకిచ్చే ఉచిత మాత్రలు ఆగిపోయాయి.

"మీకు తగ్గిపోయిందమ్మా. కంప్యూటర్ చెబుతోంది," అన్నాడు కాంపౌండరు.

"కాళ్లు మంటలెత్తుతున్నాయి, కళ్లు మసకలు కమ్ముతున్నాయి. అది చెప్పదా నీ కంప్యూటర్?"

"దానికి కాళ్లూ కళ్లూ లేవు కదమ్మా."

ఇంటికొచ్చి నా మీద పడింది. "నీ వేలు కాలా. నోటిదాకా వచ్చిన మాత్ర లాగేసుకున్నావు కదరా."

నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంతలో విజయోత్సవ సభ పెట్టారు. మంత్రిగారు కెమెరాల ముందు స్వయంగా పరీక్ష చేసుకుంటారట. ఆయన ఒంట్లో సంగతి తెలిసిన జిందాబాద్, మిషనిచ్చి నన్ను తెర వెనక కూర్చోబెట్టే ఏర్పాటు చేశాడు. నేను పొడుచుకుంటే అంకె స్టేజీ మీది బోర్డులో వెలుగుతుంది.

బయల్దేరుతుంటే అక్క బాగా మగ్గిన మామిడిపండు చేతిలో పెట్టింది. పండు తిన్న చేత్తో పొడుచుకుంటే అంకె చెట్టెక్కి కూర్చుంటుందని దానికి అనుభవమే.

"తిను. చెయ్యి మాత్రం కడగకు," అంది.

అక్క మాట జవదాటే వాణ్ణి కాను. స్టేజీ మీద మంత్రిగారు వేలెత్తారు. బోర్డు మీద నాలుగువందల ఎనభై ఆరు వెలిగింది.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. జిందాబాద్ సమయస్ఫూర్తి ఏమని చెప్పను, మైకు లాక్కున్నాడు.

"చూశారా మహానుభావుణ్ణి. పేట షుగరంతా ఆయన ఒంట్లోకే తీసేసుకున్నారు."

ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. "నాకేం కాలేదయ్యా," అని మంత్రిగారు మొత్తుకుంటున్నా, త్యాగమూర్తులు అలాగే అంటారని అంబులెన్స్ ఎక్కించేశారు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు మంత్రిగారి కారు ఆగింది. జిందాబాద్ దిగాడు.

"అంకె తగ్గితే గానీ డాక్టర్లు వదలరట. ఆ వేలు పిలిపించండి అని ఆయన ఒకటే కలవరింత."

అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా మాత్రలేవి?"

"పేటలో అందరికీ తగ్గిపోయింది కదక్కా, కంప్యూటర్లో..."

"అయితే ఆ కంప్యూటర్నే తీసుకెళ్లి పొడుచుకోండి."

కారు వెనక్కి తిరిగింది. కాసేపటికి పేటకంతటికీ సరిపడా మాత్రల పెట్టెలు మోసుకుని మళ్లీ వచ్చింది. అక్క ఒక పెట్టె విప్పి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నా వైపు చూసింది.

"ఇక వెళ్లు. చేతులు కడుక్కుని వెళ్లు."