మంజూరైన లీకు

నీటి పొదుపులో మా వీధి వరుసగా రెండో ఏడు కూడా నగరంలో ప్రథమ స్థానం సాధించి షీల్డు గెలుచుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇందులో మా గొప్ప పెద్దగా ఏమీ లేదు. మా కుళాయిలకు నీళ్లు రాక చాలాకాలమైంది. లేనిదాన్ని మాకంటే జాగ్రత్తగా పొదుపు చేసేవాళ్లు నీటి శాఖవారికి ఎక్కడా దొరకలేదు.

కుళాయి లేని ఇల్లు మా వీధిలో లేదు. కుళాయి బిగించడం శాఖ బాధ్యత, అందులోంచి రావడం నీళ్ల బాధ్యత అని అధికారులు మొదటే స్పష్టం చేశారు. కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. ఆ కుళాయిలను పొడిగుడ్డతో తుడిచి తళతళలాడేలా ఉంచుకుంటాం. చుట్టాలొస్తే చూపిస్తాం. మా ఇంట్లో దానికి గొడుగు తగిలిస్తారు.

మరి ఎలా బతుకుతున్నారని అడుగుతారు. మా వీధి కింద నుంచి ఒక పెద్ద పైపు ఎక్కడికో, ఎవరో ముఖ్యమైనవాళ్ల కోసం పోతుంది. మలుపు దగ్గర గోతిలో అది ఒకచోట చిట్లింది. ఆ సంగతి మొదట కనిపెట్టింది మలుపింటి పిన్ని. వాళ్లాయన పక్షవాతంతో మంచం పట్టాడు. ఆయన ఒళ్లు శుభ్రం చేయడానికి ఆవిడకు రోజూ రెండు బక్కెట్ల నీళ్లు కావాలి. చిట్లినచోట నీళ్లు నాలుగు వైపులా చిమ్ముతుంటే, పిన్ని ఒక పాత నూలు చీర ముక్క చుట్టి, కొస కిందికి వదిలి, ధారంతా తిన్నగా బక్కెట్లో పడేలా కట్టింది.

మర్నాటికి వీధంతా అక్కడే ఉంది. "పిల్లల్ని బడికి పంపాలి కదర్రా, ముందు మీరు పట్టుకోండి. నేను తర్వాత పట్టుకుంటాలే" అంది పిన్ని. పెద్దల మాట జవదాటే అలవాటు మాకు లేదు. వెంటనే ముందు మేమే పట్టుకున్నాం. ఆ రోజు నుంచీ పట్టుకుంటూనే ఉన్నాం.

ఇక్కడ మీటింగు మావయ్యను పరిచయం చేయాలి. ఆయన మా వీధి సంక్షేమ సంఘం అధ్యక్షుడు. ఇద్దరు మనుషులూ ఒక కుర్చీ కనబడితే చాలు, మీటింగు పెట్టేస్తాడు. కుర్చీ ఆయనకే. నీటి వృథాను పట్టిచ్చిన వీధికి షీల్డు ఇస్తామని శాఖ ప్రకటించగానే, ఆయన లీకు పక్కనే కుర్చీ వేయించుకుని ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా! మన కళ్లెదుటే నీళ్లు ఇలా కారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం బాధ్యత గల పౌరులకు తగునా?"

తగదని అందరం ముక్తకంఠంతో అన్నాం. బక్కెట్లు నింపుకుంటూనే అన్నాం.

"అది కాస్తా మూసేస్తే మనకు నీళ్లెక్కడివి అన్నయ్యా?" అంది పిన్ని.

"చెల్లెమ్మా, నువ్వు నీ రెండు బక్కెట్ల దగ్గరే ఆగిపోయావు. నగరం సంగతి ఆలోచించు" అన్నాడు మావయ్య. మేం చప్పట్లు కొట్టాం. ఫిర్యాదు మీద సంతకాలు పెట్టాం. తడి వేళ్లతో పెట్టడం వల్ల కొన్ని అలుక్కుపోయాయి.

ఫిర్యాదులను పెడచెవిన పెట్టే శాఖవారు ఈసారి భోజనాల వేళకల్లా వచ్చి లీకు మూసేశారు. షీల్డు కూడా ఇచ్చారు. కొరివితో తల గోక్కోవడం గురించి విన్నాం గానీ, అందుకు షీల్డు ఇస్తారని తెలియదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మాకు ఆ తర్వాత అడుసు తొక్కడానికి కూడా నీళ్లు లేవు.

షీల్డు పట్టుకుని ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లి, మా లీకు మాకు ఇప్పించమని వేడుకున్నాం. ఆయన చాలాసేపు నీళ్లు నమిలారు. మేం అసూయగా చూశాం.

"లీకు మంజూరు చేయడానికి రూల్సు లేవండీ. ఇన్నాళ్లూ వాటంతటవే వచ్చేవి. మా సిబ్బంది చలవ" అన్నారు చివరికి.

అయినా శాఖ మనసు వెన్న. నిపుణుల కమిటీ వేసింది. కమిటీ దేశదేశాలు తిరిగి లీకులను పరిశీలించి, ఏ లీకైనా మనవాటి తర్వాతేనని నివేదిక సమర్పించింది. మా మలుపులో 'నియంత్రిత స్రావ కేంద్రం' నెలకొల్పాలని నిర్ణయమైంది. ఈలోగా పిన్ని ఎక్కడెక్కడి నుంచో అర బక్కెట్టూ పావు బక్కెట్టూ మోసుకొచ్చేది. మంచంలో ఉన్న వాళ్లాయన వీపు నిండా పుండ్లు పడ్డాయి. సంఘం తరఫున మీటింగులో తీవ్ర విచారం వ్యక్తం చేశాం.

లీకు పెట్టే పని అనుభవజ్ఞుడైన కాంట్రాక్టరుకు అప్పగించారు. ఆయన కట్టిన ట్యాంకులన్నీ కారతాయి, వేసిన పైపులన్నీ కారతాయి. అలాంటివాడు ఎంతో శ్రద్ధగా పెట్టిన ఈ లీకు మాత్రం కారలేదు. ఎన్ని కంతలు పొడిచినా చుక్క రాలేదు. అవమానంతో ఆయనకు తిండి సహించలేదు. చివరికి ఇంజనీరు గారే ఉపాయం కనిపెట్టి, కారకుండా రిపేరు చేయమని ఆదేశించారు. కాంట్రాక్టరు రిపేరు చేశాడు. ధారాపాతంగా కారింది.

ప్రారంభోత్సవానికి కమిషనరు గారు విచ్చేశారు. వారి బూట్లు తడవకూడదని ఆ పూటకు లీకు కట్టేశారు. వారికి దుమ్ము తగలకూడదని రెండు ట్యాంకర్ల నీళ్లతో రోడ్డు కడిగారు. బక్కెట్లు పెట్టుకునే చోట శిలాఫలకం వెలిసింది.

"గతంలో ఈ నగరంలో లీకులు క్రమశిక్షణ లేకుండా, ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. పేదవాడి గుమ్మం ముందుకు ప్రణాళికాబద్ధమైన లీకును తెచ్చిన ఘనత మాదే!" అన్నారు వారు. ఆనందంతో మా కళ్లు చెమర్చాయి. మా వీధిలో ఆ రోజు కనబడిన సొంత నీళ్లు అవే.

లీకు వచ్చింది కాబట్టి పక్క వీధివాళ్లు కూడా వచ్చారు. ఖాళీ బిందెలతో వచ్చే మనుషులను చూస్తే మాకు ఒళ్లు మండింది. కష్టపడి సాధించుకున్నది మేం కదా. మావయ్య మీటింగు పెట్టి లీకుకు మూతా తాళమూ పెట్టించాడు. మా వీధి నంబరున్న ఇళ్లకు మాత్రమే నీళ్లు.

మలుపింటి గుమ్మం మా వీధిలోకే ఉంది. నంబరు మాత్రం పక్క వీధిది.

"ఆయన్ని కడగాలి అన్నయ్యా. పుండ్లు వాసనొస్తున్నాయి. రెండు బక్కెట్లు చాలు" అంది పిన్ని.

"నాకివ్వాలని లేదా చెల్లెమ్మా? ఇవాళ నీకిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. సభ్యులు ఎలా అంటే అలా" అన్నాడు మావయ్య. మాకు నిజంగానే బాధ కలిగింది. బాధ వేరు, రూలు వేరు. అందరం చేయెత్తి రూలును బలపరిచాం. నేనూ ఎత్తాను.

అయితే కాంట్రాక్టరు పనితనం వల్ల ఆ మూత కూడా కారి, నీళ్లు రోడ్డు పాలవుతున్నాయి. వృథాను సహించే వీధి కాదు మాది. మేం గుడ్డ చుట్టి చూశాం, ఆగలేదు. అలా కట్టడం పిన్నికే తెలుసు. కబురు పంపాం. పిన్ని వచ్చింది, కాదనలేదు. మేం చుట్టిన గుడ్డ విప్పి, తన చీర చెంగు చింపి, మూత చుట్టూ బిగించి కట్టింది. చుక్క పడకుండా ఆగింది.

విప్పిన గుడ్డ బాగా తడిసి ఉంది. పిన్ని దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇంటివైపు నడిచింది. దాంతో ఆయన వీపైనా తుడవొచ్చు.

"చెల్లెమ్మా, అది పిండేసి వెళ్లమ్మా. రూలు అందరికీ ఒకటే" అన్నాడు మావయ్య కుర్చీలోంచి.

పిన్ని వెనక్కి వచ్చి మా ముందే ఆ గుడ్డ పిండింది. నేను పరుగున వెళ్లి బక్కెట్టు తెచ్చి కింద పట్టాను. ఒక్క చుక్క కూడా నేలపాలు కానివ్వలేదు. షీల్డులు ఊరికే వస్తాయా?